బంగారం ముందు, నలుపు చివర

ఇంటి కర్ర గేటుకు నేమ్ ప్లేటు చేద్దామని ఒక అక్రిలిక్ ముక్క తెచ్చారు. గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా అటక మీద ఉంది, పాత బ్రష్షూ ఉంది. కూర్చుని రాశారు. ఎండింది, నిగనిగలాడింది, ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నారు కూడా. పదిహేను రోజులకు ఒక అక్షరం అంచు లేచింది. గోరుతో కదిపితే ఉల్లిపొరలా పేరంతా ఊడి చేతికొచ్చింది. "మంచి రంగు కొనాల్సింది" అనుకున్నారు కదూ?

రంగును తిట్టుకోకండి. అదే డబ్బాతో వేసిన గేటు చెక్కుచెదరకుండా ఉంది. కర్ర రంగును తాగుతుంది, గోడ తాగుతుంది. అద్దంలాంటి ప్లాస్టిక్ మాత్రం చుక్క కూడా తాగదు. రంగు దాని ఒంటిని పట్టుకుని వేలాడాలి, అంతే. మరి పట్టు దొరికేలా మీరేం చేశారు?

నేను కూడా మొదట్లో తప్పే చేశాను. కరీంనగర్‌లో ఒక దుకాణానికి రాయబోయే ముందు నా మొదటి షీటు బోర్డును శుభ్రం చేద్దామని థిన్నర్ గుడ్డతో తుడిచాను. పొద్దున్న చూస్తే అంచుల వెంట సాలెగూడులాంటి పగుళ్లు. షీటు డబ్బులు నా జేబులోంచే పోయాయి. ఈ అధ్యాయం చదివాక మీ జేబులోంచి పోకూడదు.

నిర్మల్ పటాన్ని తలకిందులు చేయండి

మన నిర్మల్ బొమ్మ తయారయ్యే తీరు గుర్తు చేసుకోండి. పొనికి కర్రను చెక్కగానే రంగు వేసేయరు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి లప్పం చేస్తారు. దాంతో అతుకులు పూడుస్తారు, ఆరనిస్తారు, నున్నగా రుద్దుతారు. రంగు ఆ తర్వాతి మాట. పటమైతే ముదురు నేల ముందు పడుతుంది. దాని మీద మనుషులు, చెట్లు, పిట్టలు వస్తాయి. నగల మెరుపు, బంగారు గీత ఆఖరున.

ఇప్పుడు అదే పటాన్ని పారదర్శకమైన షీటుకు వెనకవైపు నుంచి వేయాలనుకోండి. వరస మొత్తం తిరగబడుతుంది. బంగారు గీత ముందు, నల్లటి నేల చివర. ఎందుకంటే మీరు వేసే మొదటి గీతే ముందు నుంచి చూసేవాళ్లకు అన్నిటికన్నా పైన కనిపిస్తుంది. "తర్వాత దిద్దుకుందాంలే" అనే మాట ఇక్కడ చెల్లదు. దిద్దడానికి దాని మీదికి మళ్లీ చేరలేరు.

వెనక నుంచే ఎందుకు వేయాలి? ముందువైపు షీటే అద్దంలా కాపలా కాస్తుంది. వాన, దుమ్ము, తుడిచే గుడ్డ ఏదీ రంగును తాకదు. మంచి అక్రిలిక్ తన మీద పడ్డ వెలుగులో 92 శాతం దాకా లోపలికి పోనిస్తుంది కాబట్టి రంగు మసకబారదు. దేవుడి గదుల్లో పాతకాలపు అద్దం పటాలు చూశారా? అవి వేసిన పద్ధతీ ఇదే.

ముందు దాని పేరు తెలుసుకోండి

రేడియం స్టిక్కర్ల దుకాణానికి వెళ్లి "అన్నా, గిది అక్రిలికేనా?" అని అడిగి చూడండి. "అన్నీ అక్రిలికే తమ్మీ, ఏ సైజు గావాలె?" అంటాడు. ఆయన అమ్మేవాడు, అలాగే అంటాడు. పరీక్ష మీరే చేసుకోవాలి.

1. నీళ్ల పరీక్ష. చిన్న ముక్కను సబ్బునీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. తేలిందంటే పాలీప్రొపిలీన్ గానీ పాలిథిన్ గానీ. ఫైళ్ల కవర్లు, టిఫిన్ డబ్బాలు ఈ జాతివి. మామూలు రంగు వీటికి అంటదు, అక్కడితో ఆపేయండి. మునిగితే అక్రిలిక్, పాలీకార్బొనేట్, పాలీస్టైరీన్, పీవీసీ, ఓహెచ్‌పీ షీటు లాంటి పాలిస్టర్, వీటిలో ఏదో ఒకటి.

2. వంపు పరీక్ష. పనికిరాని సన్న ముక్కను గుడ్డలో చుట్టి వంచండి. కొంచెం వంగి ఫట్‌మని విరిగితే అక్రిలిక్ కావచ్చు. ఎంత మడిచినా విరగకుండా మొండికేస్తే పాలీకార్బొనేట్ కావచ్చు. హెల్మెట్ ముందరి అద్దం ఎక్కువగా ఈ రకమే.

3. చవక ముక్క అనుమానం. ఫొటో ఫ్రేములకు వేసే పల్చటి ప్లాస్టిక్ అద్దం చాలాసార్లు పాలీస్టైరీన్. అదీ ఫట్‌మనే విరుగుతుంది, కాబట్టి అక్రిలిక్ అని మోసపోతారు. ఒక మూల మీద థిన్నర్ చుక్క వేస్తే క్షణాల్లో బంకలా కరుగుతుంది.

నిప్పు అంటించి వాసన చూసే అలవాటు కొందరికి ఉంది. మీరు చేయకండి. పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులను కోసేస్తుంది. పీవీసీని లేజర్ కటింగ్‌కు ఇవ్వకూడదనేదీ అందుకే.

తయారీ: ఎవరికీ కనిపించని పని

మంచిర్యాలలో ఒక తమ్ముడికి స్వీటు షాపు బోర్డు దొరికిందనుకుందాం. ఉగాదికి దుకాణం తెరవాలి, రెండు రోజులే టైముంది. తయారీకి ఒక పూట పెడితే "పూట దండగాయె" అనిపిస్తుంది. పెట్టకపోతే? పండుగ వెళ్లిన వారానికే ఫోను వస్తుంది. షీటు మళ్లీ కొనాలి, కూలి లేకుండా మళ్లీ రాయాలి. ఏది దండగ?

1. పొర తీసేది వెనకవైపే. కొత్త షీటుకు రెండువైపులా కాపలా పొర ఉంటుంది. రంగు వేసే వైపు మాత్రమే తీయండి. ముందువైపు పొర అడుగు కనిపించని కాగితమైతే, కింద పెట్టే బొమ్మ కనపడాలి కాబట్టి అదీ తీసి, షీటు కింద మెత్తటి గుడ్డ పరవండి. పొర ఉన్న షీటును ఎండలో మాత్రం నిలబెట్టకండి. వేడికి జిగురు పట్టేసి, తర్వాత గోళ్లు అరిగినా రాదు.

2. కోత, రంధ్రాలు ఇప్పుడే. రంగు పడ్డాక డ్రిల్లు పెడితే రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది. కింద చెక్క ముక్క పెట్టి, నెమ్మదిగా, బరువు మోపకుండా తిప్పండి. అంచుకు మరీ దగ్గరగా రంధ్రం వద్దు.

3. కడగండి, పొడిగా తుడవకండి. చల్లటి నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి మెత్తటి గుడ్డతో కడగండి. తర్వాత మంచినీళ్లు ధారగా పోయండి. నీళ్లు షీటంతటా ఒకే తీరుగా జారితే శుభ్రమనుకోవచ్చు. కొన్ని చోట్ల మాత్రం విడిపోయి ముత్యాల్లా నిలిస్తే అక్కడ జిడ్డు ఇంకా ఉండవచ్చు, మళ్లీ కడగండి. ఖర్చు లేని పరీక్ష, తప్పక చేయండి.

4. స్పిరిట్ అయితే పొదుపుగా. వేలిముద్రల జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. లేజర్‌తో కోసిన అంచుల జోలికి మాత్రం పోకండి. లేజర్ వేడికి ఆ అంచులో బిగుతు నిలిచి ఉంటుంది. స్పిరిట్ తగిలితే అక్కడే సన్న పగుళ్లు పుడతాయి. నా మొదటి బోర్డుకు థిన్నర్‌తో జరిగింది ఇలాంటిదే.

5. గరుకు అవసరమైన చోటే. పాలీకార్బొనేట్ అయితే గిన్నెలు తోమే పచ్చ పీచుతో, లేదా నీళ్లు చల్లుతూ 800 నంబరు వాటర్ పేపరుతో, రంగు పడే చోట మాత్రం తేలిగ్గా రుద్దండి. రంగు ఆ సన్న గీతల్లోకి దిగి పట్టు బిగిస్తుంది. ఖాళీగా వదలాల్సిన చోట రుద్దారా, అక్కడ పాలపొరలాంటి మసక శాశ్వతంగా ఉండిపోతుంది. అక్రిలిక్‌కు సరిపోయే రంగు దొరికితే రుద్దకుండానే పని జరుగుతుంది. ఏదైనా ముందు తునక మీద చూసుకోండి.

6. దుమ్మును పిలవకండి. పొడి గుడ్డతో రుద్దితే షీటు కరెంటు పట్టి, గాల్లో ఉన్న ప్రతి నలుసునూ లాగుతుంది. బొగ్గు నుసి ఎగిరే గోదావరిఖని, మందమర్రి వైపు ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. రంగు వేసే ముందు, పిండేసిన తడిగుడ్డతో ఒక్క చేయి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ గదిలో ఫ్యాను ఆపేయండి.

అద్దంలో అక్షరాలు

వెనక నుంచి రాస్తే అక్షరం తిరగబడి ఉండాలి. తెలుగులో తిప్పినా మారని నమ్మకస్తులు సున్న లాంటి కొద్దిమందే. మిగతావన్నీ మోసం చేస్తాయి. కొమ్ము ఎటు తిరగాలి, వట్రుసుడి ఎటు పోవాలి అని చేతికి తికమక పుడుతుంది. దానికి మార్గం ఇది.

ట్రేసింగ్ పేపరు మీద మామూలుగా రాయండి. కాగితాన్ని తిరగేయండి, రాత కిందికి పోవాలి. దాని మీద షీటును ముందువైపు కిందికి ఉండేలా పెట్టి టేపు వేయండి. ఇప్పుడు కాగితంలోంచి కనిపించే తిరగబడ్డ గీతల మీదే బ్రష్ నడపండి. కాగితం తిరగేయడం మరిచిపోతే మీ కళ్లకు అంతా సరిగ్గానే కనిపిస్తుంది. గోడకు తగిలించాకే తెలుస్తుంది, అంగడి పేరు అద్దంలో చూసి చదువుకోవాలని! కాబట్టి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: రాసేటప్పుడు మీకు సులువుగా చదవవస్తుంటే, తప్పు రాస్తున్నట్టే.

మన వైపు బోర్డుల్లో ఒక తమాషా ఉంది. కరీంనగర్‌లోనూ నిర్మల్‌లోనూ ఎన్నో దుకాణాలకు తెలుగు పక్కనే ఉర్దూ ఉంటుంది. వెనక నుంచి రాస్తే తెలుగు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఉర్దూ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఉర్దూ రాదా? రాని లిపిని చూసి గీయకండి. తెలిసిన భాయ్‌తో ట్రేసింగ్ మీద రాయించుకుని, అప్పుడు తిరగేయండి. ఒక్క నుక్తా (చుక్క) అటూ ఇటూ అయితే మాటే మారిపోతుంది.

రంగుల వరస

గుస్సాడీ నృత్యకారుల కిరీటంలోని నెమలి కన్ను వేస్తున్నారనుకోండి. కాగితం మీదయితే ముందు ఆకుపచ్చ, దాని మీద రాగి వలయం, దాని మీద నీలం, మధ్యలో ముదురు కన్ను. షీటు మీద?

1. మధ్యలోని ముదురు కన్ను, సన్నటి మెరుపు గీతలు ముందు.
2. అవి ఆరాక, వాటిని కప్పేస్తూ నీలం.
3. నీలాన్ని దాటి బయటికి వచ్చేలా రాగి రంగు.
4. దాన్నీ కప్పుతూ ఆకుపచ్చ.
5. లేత రంగులన్నిటి వెనక తెలుపు.
6. అన్నీ అయ్యాక నల్లటి నేల.

అయిదో మెట్టును చాలామంది దాటేస్తారు. పసుపు, లేత ఎరుపు, గులాబీ రంగుల వెనక నేరుగా నలుపు వేస్తే నలుపు లోపలి నుంచి తొంగిచూస్తుంది, బతుకమ్మ మీది తంగేడు పూలు బురదలో పడ్డట్టు కనిపిస్తాయి. వెనక తెలుపు పడితేనే పసుపు పసుపుగా నిలుస్తుంది. ముఖం వేసేటప్పుడూ ఇదే లెక్క. ముందు కనుపాప, తర్వాత కంటి తెలుపు, ఆ తర్వాతే చర్మం రంగు.

ప్రతి కోటూ పల్చగా వేయండి. ఒక మందపాటి కోటు కన్నా మూడు పల్చటి కోట్లు గట్టివి. మందంగా వేస్తే పైన తోలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, తర్వాత ముడతలు పడుతుంది. రంగు మారే ప్రతిసారీ షీటు ఎత్తి ముందువైపు నుంచి చూడండి. తప్పుంటే తడిగా ఉండగానే తడి ఇయర్ బడ్‌తో తీసేయవచ్చు. తర్వాతి రంగు పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది.

ఏ రంగు కొనాలి? నేర్చుకునేవాళ్లకు నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులే మేలు. షీటును తినవు, చేతులు సులువుగా కడుక్కోవచ్చు. డ్యూకో రకం రంగుల్లో కలిపే థిన్నర్ పదునైనది. అక్రిలిక్ మీద తడిగా పోస్తే పగుళ్లు తెస్తుంది. వాడాల్సి వస్తే మంచు పడ్డంత తేలిగ్గా స్ప్రే చేసి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టండి. తలుపులు తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. ముక్కుకు కట్టుకునే రుమాలు దుమ్మును ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. హెల్మెట్ అద్దానికైతే ఏ రంగూ వద్దు, ఏ థిన్నరూ వద్దు. అది మీ ప్రాణానికి కాపలా.

మన ఎండ, మన చలి, మన వాన

రంగు డబ్బా మీద రాసిన సూచనలకు రామగుండం మే నెల తెలియదు. అక్కడ పాదరసం 45 దాటే రోజుల్లో స్ప్రే చేస్తే రంగు షీటును చేరేలోపే గాల్లో ఆరిపోయి ఇసుకలా గరగరలాడుతుంది. పొద్దున్నే, నీడలో పని ముగించండి.

ఆదిలాబాద్ చలికాలానికి లెక్క తిరగేయండి. 10 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే నీళ్ల రంగు సరిగా పొర కట్టదు, ఆరినట్టే ఉండి పొడిపొడిగా రాలుతుంది. మధ్యాహ్నం దాకా ఆగండి. వానాకాలంలో డ్యూకో రకం రంగు గాలిలోని తేమకు తెల్లగా పాలిపోతుంది. ముసురు పట్టిన రోజు బ్రష్ ముట్టకుండా ట్రేసింగ్ పని పెట్టుకోండి.

బిగించేటప్పుడు ఇంకో లెక్క ఉంది. మీటరు పొడవున్న అక్రిలిక్ ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున 8 డిగ్రీలున్న షీటు, మే ఎండలో కాలి 58కి చేరిందనుకోండి. తేడా 50 డిగ్రీలు, అంటే మీటరుకు మూడున్నర మిల్లీమీటర్ల సాగుడు. స్క్రూ బిర్రుగా బిగిస్తే ఆ సాగుడు ఎటు పోవాలి? రంధ్రం దగ్గర పగిలి బయటపడుతుంది. అందుకే రంధ్రం స్క్రూ కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దది చేయండి. వాషరు వేయండి, బిగించాక పావు చుట్టు వదులు చేయండి.

ఇవ్వడానికి ముందు పరీక్ష

అసలు బోర్డుతో పాటు ఒక తునకకు కూడా అదే రోజు, అదే వరసలో రంగు వేసి పెట్టండి. కనీసం ఒక రోజు ఆరాక దాని మీద బ్లేడుతో నిలువుగా 6, అడ్డంగా 6 గీతలు గీయండి. 25 గళ్లు వస్తాయి. సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. గళ్లన్నీ నిలిస్తే బోర్డు ధైర్యంగా ఇచ్చేయండి. నాలుగైదు గళ్లు టేపుతో వచ్చాయా? కడగడం దగ్గరో, షీటు పేరు దగ్గరో తప్పు జరిగింది. మంచిదే, తునక మీద తెలిసింది. అంగట్లో తెలిస్తే పరువు పోయేది.

ఎక్కువగా జరిగే తప్పులు

1. రంగు కొన్నాక షీటు ఏమిటో చూడటం. షీటును బట్టి రంగు, రంగును బట్టి షీటు కాదు.
2. కడిగిన చోట మళ్లీ చేయి పెట్టడం. అంచులతోనే పట్టుకోండి.
3. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా గట్టిపడ్డాక లాగడం. చేతికి అంటని దశలోనే, పక్కకు వంచి, నెమ్మదిగా తీయండి.
4. ఎండలో పెట్టి తొందరగా ఆరబెట్టడం. బుడగలు లేస్తాయి.
5. పార్టీ తొందర పెట్టాడని రెండు మెట్లు దాటేయడం. "రేపు పొద్దుగాల్నే గావాలె" అన్నవాడే, ఊడిపోతే ముందు ఫోను చేసేది.

ఈ వారం మీ పని

పెద్ద బోర్డుతో మొదలుపెట్టకండి. దుకాణంలో అరచేతి అంత తునకలు ఆరు అడగండి, కోతలో మిగిలినవి చవకగా ఇస్తారు. మొదటి రోజు నీళ్ల పరీక్ష, వంపు పరీక్ష. రెండో రోజు కడిగి నీళ్లు జారే తీరు చూడటం. మూడో రోజు మీ ఇంటి పేరు ట్రేసింగ్ మీద రాసి తిరగేయడం. నాలుగో రోజు అక్షరాలు, అయిదో రోజు తెలుపు, ఆరో రోజు నేల. ఏడో రోజు బ్లేడూ సెల్లోటేపూ.

ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాత బోర్డుల పని ఎంత తగ్గిపోయిందో కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ ఒకసారి నడిస్తే మీకే తెలుస్తుంది. ఫ్లెక్సీ మన ఎండకు వెలిసిపోతుంది, గాలికి చిరిగిపోతుంది. షీటు వెనక జాగ్రత్తగా వేసిన పేరు మాత్రం ఏళ్ల తరబడి చెప్పిన మాటే చెబుతుంది. అలాంటి పని చేయగలిగిన చేయి ఊరికి ఒకటి రెండైనా ఉంటే చాలు. ఆ చేయి మీది కావచ్చు.

ఆరో రోజు నలుపు వేసేటప్పుడు మీ ముందు కనిపించేది ఒక నల్లటి పలక మాత్రమే. వారం పాటు పడ్డ కష్టమంతా దాని కింద దాగిపోతుంది, "పాడు చేశానా?" అని గుండె ఒకసారి జారుతుంది కూడా. కంగారుపడకండి, ఆరనివ్వండి. తర్వాత షీటు తిప్పి, ముందువైపు పొరను మూల పట్టుకుని నెమ్మదిగా లాగండి. నాలుగో రోజు ఊపిరి బిగబట్టి గీసిన ఆ బంగారు గీత అన్నిటికన్నా పైన కనిపిస్తుంది.